గాలం ఎవరి చేతిలో ఉండాలి?

ఆకలితో వచ్చినవాడికి చేప ఇస్తే ఆ పూట గడుస్తుంది, చేపలు పట్టడం నేర్పితే బతుకంతా గడుస్తుంది అన్న మాట వినిపించకుండా వ్యక్తిత్వ వికాస తరగతి ఒక్కటీ ముగియదు. దీన్ని చైనావాళ్ల ఖాతాలో వేయడం ఆనవాయితీ. అచ్చులో దొరుకుతున్న తొలి ఆనవాళ్లలో ఒకటి మాత్రం 1885లో ఇంగ్లండులో వెలువడిన ‘మిసెస్ డైమండ్’ అనే నవలలో ఉంది. రాసినావిడ ఆన్ థాకరే రిచీ. ఎవరిదైతేనేం, చప్పట్లు కొట్టించే మాట. కాకపోతే ఆ మాట చెప్పినవాళ్లెవరూ వేదిక దిగేలోపు ఎలా నేర్పాలన్నది చెప్పిన పాపాన పోరు. మనసుంటే చాలు, నేర్పడం దానంతటదే జరిగిపోతుందన్నట్టు వదిలేస్తారు. ఈ అధ్యాయం ఆ వదిలేసిన భాగం గురించి. ఉదాహరణగా నిజంగా చేపలు పట్టడం నేర్పేవాళ్లనే తీసుకుందాం. ఎందుకంటే ఈ విషయంలో వాళ్లకున్న అనుభవం మామూలుది కాదు.

బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ చాలా ఊళ్లలో గాలం వేసేవాళ్ల క్లబ్బులుంటాయి. ఒక చెరువునో, కాలవలో కొంత ముక్కనో, నది ఒడ్డు కొంతమేరనో కౌలుకు తీసుకుంటారు. సభ్యుల చందాతో గట్లు బాగుచేసుకుంటారు, పిచ్చిమొక్కలు పీకేస్తారు, ఏడాదిలో కొన్ని రోజులు కొత్తవాళ్లకు, ముఖ్యంగా పిల్లలకు, గాలం వేయడం నేర్పుతారు. ఇంగ్లండు, వేల్స్ కాలవల్ని చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్టు ‘లెట్స్ ఫిష్’ పేరుతో ఇలాంటి కార్యక్రమాలే జరుపుతుంది. నేర్పేవాళ్లలో ఎక్కువమంది జీతం తీసుకోని మనుషులు. ఉద్యోగం వేరు, ఇది వేరు. వాళ్లలో బాగా నేర్పేవాళ్లనూ అంతంతమాత్రంగా నేర్పేవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చేపలు పట్టే నైపుణ్యంలో కనబడదు, ఇద్దరూ పట్టగలిగినవాళ్లే. తేడా ఒక్కచోట ఉంటుంది. కొత్తవాడు తడబడుతున్నప్పుడు అతని చేతిలోంచి గాలపు కర్ర అందుకోకుండా ఉండగలగడం. చేతిపని నేర్పేవాడికి అన్నిటికంటే కష్టమైన విద్య తన చేతిని తాను ఆపుకోవడం. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇది వినడానికి తేలిక. ఎందుకంత కష్టమో తెలియాలంటే కాలవ గట్టున జరిగే ఒక చిన్న పనిని దగ్గరగా చూడాలి. పిల్లలకు మొదట ఇచ్చేది రీలు లేని పొట్టి కర్ర. మూడు నాలుగు మీటర్ల పొడవు, కొసకు నైలాన్ దారం, దారం పొడవు దాదాపు కర్రంత. మన ఊళ్లలో వెదురు బద్దకు తంగూసు కట్టి వేసే గాలానికి ఇది దగ్గరి చుట్టమే. దారం మీద పైకీ కిందికీ జరిగే బెండు, దాని కింద నాలుగు బరువు గుళ్లు, చివర చిన్న కొక్కెం. ఎర వేయడానికి ముందు ఆ చోట నీటి లోతెంతో తేల్చుకోవాలి, లేకపోతే ఎర చేపల నెత్తి మీద వేలాడుతుంది, లేదా బురదలో పడుకుంటుంది. కొక్కేనికి ఒక బరువైన బిళ్ల తగిలించి నీళ్లలోకి దింపుతారు. బెండు పూర్తిగా మునిగిపోతే దాని కింద దారం చాల్లేదన్నమాట, బెండును పైకి జరపాలి. బెండు నీళ్ల మీద పడుకుంటేనో బాగా పైకి లేచి నిలబడితేనో దారం ఎక్కువైంది, కిందికి జరపాలి. రంగు పూసిన కొస మాత్రమే నీటిపైన కనబడితే లోతు దొరికింది. పదేళ్ల పిల్ల ఈ పని మొదటిసారి చేసేటప్పుడు నాలుగైదుసార్లు దింపుతుంది, తీస్తుంది, ఒకసారి జరపాల్సిన దిక్కుకు బదులు రెండో దిక్కుకు జరుపుతుంది. పక్కన నిలబడ్డవాడికి ఆ గట్టు దగ్గర లోతు ఎంతో ఇరవై ఏళ్లుగా తెలుసు. చేయి చాస్తే పది సెకన్ల పని. చాపాడా, ఆ పిల్లకు ఆ చోటు లోతు తెలుస్తుంది. లోతు కనుక్కోవడం తెలియదు. వచ్చేవారం పది గజాలు అవతల కూర్చుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

మాటలతో చెప్పి చేయి చాచకుండా ఉండొచ్చు కదా అంటారా? చెప్పాల్సింది కొంత చెప్పాలి. కానీ మాట ఎంతదూరం తీసుకెళ్తుందో తెలిసినవాళ్లు ఈ రంగంలో పూర్వం నుంచే ఉన్నారు. గాలం గురించి ఇంగ్లీషులో అందరికంటే పేరుపడ్డ పుస్తకం ఐజాక్ వాల్టన్ రాసిన ‘ది కంప్లీట్ ఆంగ్లర్’, 1653 నాటిది. పుస్తకం మొదట్లో పాఠకులకు రాసిన మాటల్లోనే ఆయన ఒక సంగతి గుర్తుచేస్తాడు. కత్తిసాము పుస్తకం రాసి నేర్పబోయిన ఒక మంచి కత్తిసాముగాడిని చూసి జనం నవ్వారట. ఆ విద్య మాటలతో వచ్చేది కాదు, సాధనతో రావాల్సిందే కాబట్టి. గాలం సంగతీ అంతేనని వాల్టన్ అక్కడే ఒప్పుకుంటాడు. ఒప్పుకుని పుస్తకం రాయడం మాత్రం మానలేదు, అది వేరే విషయం (ఈ అధ్యాయం రాస్తున్న చేతికీ అదే చురక తగులుతుంది). మూడు వందల ఏళ్ల తర్వాత గిల్బర్ట్ రైల్ 1949లో, మైకేల్ పొలానీ 1966లో ఇదే సంగతిని తత్వశాస్త్రం వైపు నుంచి చెప్పారు: ఒక విషయం ఫలానా అని తెలియడం వేరు, ఆ పని చేయడం తెలియడం వేరు, చేయగలిగినవాడు తనకు తెలిసిందంతా నోటితో చెప్పలేడు. బెండు సంగతే చూడండి. చేప ఎరను నోట పెట్టుకుంటే బెండు మునుగుతుందని చెప్పొచ్చు. కానీ ఒక్కోసారి అది మునగకుండా పైకి లేస్తుంది, పక్కకు నెమ్మదిగా జారుతుంది, లేదా వణికి ఊరుకుంటుంది. గాలికి ఊగడానికీ చేప తాకడానికీ మధ్య తేడా ఏమిటని అడిగితే పాతికేళ్లుగా గాలం వేస్తున్న మనిషి కూడా ‘అదిగో, అలా ఉన్నప్పుడు’ అనే అంటాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. ఆ తేడాకు పేరు లేదు, అంతే.

ఇక్కడ నేర్పేవాడికి ఒక దృష్టిలోపం ఉంటుంది, బాగా వచ్చినవాడికి ఇంకా ఎక్కువ. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు కొందరి చేత అందరికీ తెలిసిన పాటల దరువును బల్ల మీద వేళ్లతో కొట్టించింది. ఎదుటివాళ్లు పాట గుర్తుపట్టాలి. సగం మంది గుర్తుపడతారని కొట్టినవాళ్లు అంచనా వేశారు. నిజానికి 120 పాటల్లో మూడే దొరికాయి. కొట్టేవాడి తలలో పాట మోగుతోంది; వినేవాడికి టకటక శబ్దమే. గట్టు మీద ‘ఇప్పుడు లాగు’ అని అరిచే పెద్దాయన తలలో కూడా పాట మోగుతూనే ఉంటుంది. ఎదుటివాడికి అది ఎందుకు వినబడదో ఆయనకు అర్థం కాదు, విసుగొస్తుంది. ఆ విసుగు చేతిలోకి దిగి గాలం అందుకుంటుంది. ‘ఇలా ఇవ్వు, చూపిస్తా’ అన్న మాటలో ప్రేమ ఉంది, ఓపిక లేకపోవడమూ ఉంది. చూసేవాళ్లకు ప్రేమే కనబడుతుంది కాబట్టి ఆ రెండోదాన్ని ఎవరూ తప్పు పట్టరు.

చూపించడమే తప్పని నా వాదన కాదు. మొదట ఒకసారి, మాట తక్కువగా, నెమ్మదిగా చేసి చూపించాల్సిందే. కొత్తవాడికి కన్నే మొదటి పుస్తకం. ఆ తర్వాత కర్ర అతని చేతికి వెళ్లిపోవాలి, మళ్లీ వెనక్కి రాకూడదు. చేయడం మొదలైన తర్వాత అడుగడుగునా దిద్దుతూ పోతే ఏమవుతుందన్నది ఊహించి చెప్పక్కర్లేదు. 1984లో సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అనే ముగ్గురు అప్పటికి జరిగిన ప్రయోగాలన్నీ తిరగేసి ఒక విషయం తేల్చారు. ప్రతి ప్రయత్నానికీ వెంటనే ఫలితం చెప్పి సరిదిద్దుతూ ఉంటే సాధన జరుగుతున్నంతసేపూ నేర్చుకునేవాడు బాగా చేస్తాడు. ఆ సాయం తీసేసిన రోజున మాత్రం సాయం తక్కువ అందుకున్నవాడి కంటే వెనకబడతాడు. దిద్దేవాడి గొంతే అతనికి ఆసరా అయిపోయింది, తన చేతిలో ఏం జరుగుతోందో గమనించే అవసరమే రాలేదు. నేర్పేవాడు దీన్ని ఎప్పటికీ చూడలేడు, ఎందుకంటే ఆయన ఉన్నంతసేపూ పని బాగానే సాగుతుంది. ఆయన లేని ఆదివారం ఏమైందో చెప్పేవాళ్లుండరు. కాబట్టి గట్టు మీద పాటించదగ్గ పద్ధతి ఇది: నాలుగైదు ప్రయత్నాలు అవనివ్వండి, తర్వాత మీరు చెప్పడానికి ముందు ‘ఏం జరిగిందనుకుంటున్నావు?’ అని అడగండి. జవాబు తప్పయినా ఫరవాలేదు. ఆ ప్రశ్న వస్తుందని తెలిస్తే తర్వాతిసారి బెండు మీద కన్ను నిలుస్తుంది.

చెప్పే ఆ కొద్ది మాటలు ఎక్కడికి గురిపెట్టాలన్నది ఇంకా ఆసక్తికరం. దీనికి కాలవ గాలం కంటే ఫ్లై ఫిషింగ్ మంచి ఉదాహరణ. ఈకలు, దారాలతో కట్టిన ఉత్తుత్తి ఈగను నీటి మీద వాలేలా విసరడం ఆ పద్ధతి. ఈగకు బరువుండదు, దారానికే బరువు. ఆ దారాన్ని వెనక్కి విసిరి, అది గాలిలో తిన్నగా విచ్చుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. కొత్తవాళ్లు ఆగరు. విచ్చుకోని దారాన్ని ముందుకు లాగితే అది కాళ్ల దగ్గర కుప్పగా పడుతుంది. పాతకాలం శిక్షకులు మోచేతికీ పక్కటెముకలకూ మధ్య పుస్తకం ఇరికించి, అది పడిపోకుండా విసరమనేవాళ్లు; కర్రను గడియారంలో పది గంటల చోటికీ రెండు గంటల చోటికీ మధ్యే ఆడించమనేవాళ్లు. వినడానికి శాస్త్రీయంగా ఉంటుంది. విసిరేవాడి ధ్యాస మాత్రం దారం మీద నుంచి మోచేతి మీదికి వెళ్తుంది, మనిషి కొయ్యబొమ్మలా బిగుసుకుంటాడు. 1998లో గాబ్రియేల్ వుల్ఫ్, ఆమె సహచరులు మంచు మీద జారే ఆటను పోలిన యంత్రం ఎక్కించి కొందరికి శిక్షణ ఇచ్చారు. పాదాలతో బలం ఎలా పెడుతున్నారో గమనించమని కొందరికి చెప్పారు; పాదాల కింద ఉన్న చక్రాల మీద బలం ఎలా పడుతోందో గమనించమని ఇంకొందరికి చెప్పారు. చక్రాల మీద ధ్యాస పెట్టినవాళ్లే బాగా నేర్చుకున్నారు. ఒంటి నుంచి ఆ కొంచెం దూరం జరగడమే చాలింది. తర్వాత ఎన్నో ఆటల్లో ఇలాంటి ఫలితమే కనబడింది. మంచి ఫ్లై శిక్షకులు ఈ ప్రయోగాల గురించి విన్నా వినకపోయినా ఇదే చేస్తారు: మణికట్టు మాట ఎత్తకుండా, కుంచెకు అంటిన రంగును ఎదురుగా ఉన్న గోడ మీదికి చిమ్మినట్టు కర్ర కొసను ఠక్కున ఆపమంటారు. వెనక్కి తిరిగి దారం విచ్చుకోవడం చూడమంటారు.

దీన్ని బట్టి నియమాలు పనికిరావని కాదు. జే గామెల్, బిల్ గామెల్ అనే తండ్రీకొడుకులు విసురులో తప్పనిసరిగా ఉండాల్సిన ఐదు అంశాలను 1990లో గుదిగుచ్చారు: దారంలో సడలు లేకపోవడం, దారం పొడవును బట్టి ఆగే సమయం, కర్ర కొస తిన్నని దారిలో సాగడం, అలాంటివి. ఇప్పటికీ అమెరికా శిక్షకులు వాటినే పట్టుకుని తప్పులు వెతుకుతారు. ఆ జాబితా ఉండాల్సింది నేర్పేవాడి కంట్లో. నేర్చుకునేవాడి చెవిలో పోస్తే అతనికి ఒకేసారి ఐదు పనులు అవుతాయి, ఒక్కటీ కాదు. నేర్పేవాడు ఐదింటినీ చూసి, ఆ పూటకు ఒక్కదాన్నే ఎంచుకుని, దాన్ని కర్ర కొస గురించో దారం గురించో ఒక్క మాటగా చెప్పాలి. తెలిసినదాంట్లో ఐదోవంతు చెప్పి ఊరుకోవడం పండితుడికి ప్రాణసంకటం. అయినా తప్పదు.

సాధన ఎక్కడ చేయాలన్నదానికీ ఒక మాట. మొదట గడ్డి మీద, ఈగకు బదులు రంగు ఊలుపోగు కట్టి విసరడం నేర్పుతారు; కొక్కెం ఉండదు కాబట్టి ఎవరి చెవికీ ప్రమాదం లేదు. అయితే ఒకే దూరానికి, ఒకే గురికి వందసార్లు విసిరించడం తెలివైన పద్ధతి కాదు. 1978లో కెర్, బూత్ అనే ఇద్దరు ఎనిమిదేళ్ల పిల్లల చేత గింజల సంచులు గురిపెట్టి వేయించారు. కొందరు మూడడుగుల గురికే వేశారు, కొందరు రెండు, నాలుగు అడుగుల గురులకు మార్చి మార్చి వేశారు. పన్నెండు వారాల తర్వాత మూడడుగుల గురి మీదే పరీక్ష పెడితే, ఆ దూరాన్ని ఎన్నడూ సాధన చేయనివాళ్లే మెరుగ్గా వేశారు. కాబట్టి గురి మార్చండి, గాలివాటం మార్చండి, నిలబడే చోటు మార్చండి. చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది, పిల్లాడి తల్లిదండ్రులు ‘ఇంకా రాలేదేమిటి’ అన్నట్టు చూస్తారు. చూడనివ్వండి.

ఇప్పుడు అభ్యంతరాలు. అన్నిటికంటే బరువైనది ముందు. తప్పులు చేయనివ్వడం బాగానే ఉంది, గాలం ముల్లు గుచ్చుకుంటే? నీళ్లలో పడితే? పైగా ఇక్కడ తప్పుకు మూల్యం చెల్లించేది నేర్చుకునేవాడొక్కడే కాదు, చేప కూడా. రెయిన్‌బో ట్రౌట్ చేప తల భాగంలో గాయాన్ని పసిగట్టే నాడులున్నాయని లిన్ స్నెడన్ బృందం 2003లో చూపించింది. చేపకు మనలాగే నొప్పి తెలుస్తుందా అన్న వాదం ఇంకా తెగలేదు. తెగేదాకా నిర్లక్ష్యంగా ఉండొచ్చని దాని అర్థం కాదు. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకోవడం వల్లే నా వాదనకు హద్దు దొరుకుతుంది. తప్పుల్ని రెండు కుప్పలుగా విడదీయాలి. దారం చిక్కుపడడం, ఎర ఊడిపోవడం, బెండు మునిగినప్పుడు చూడకపోవడం, పట్టిన చేప జారిపోవడం, ఇవన్నీ జరగనివ్వాల్సిన తప్పులు. వీటికి అయ్యే ఖర్చు నాలుగు పురుగులూ కాస్త చిన్నబోవడమూ. వెనక మనిషి ఉన్నాడో లేడో చూడకుండా విసరడం, పైన కరెంటు తీగలున్నచోట కర్ర ఎత్తడం (ఇప్పటి కార్బన్ కర్రల్లోంచి కరెంటు పారుతుంది, తీగలకు 30 మీటర్ల దూరం పాటించమంటారు బ్రిటన్‌లో), ఫ్లై విసిరేటప్పుడు కళ్లద్దాలు లేకపోవడం, చేపను పొడిచేతులతో పట్టుకోవడం, గట్టు మీద దొర్లనివ్వడం, ఇవి ఒక్కసారి కూడా జరగకూడనివి. మొదటి కుప్పలో చేయి వెనక్కి, రెండో కుప్పలో చేయి ముందుకు, అడక్కుండానే. ముళ్లు లేని కొక్కేలే వాడాలని చాలా క్లబ్బులు నియమం పెట్టుకున్నదీ ఇందుకే. తడిచేత్తో చేపను నెమ్మదిగా పట్టుకుని, సన్నని పుల్లలాంటి సాధనంతో కొక్కేన్ని వెనక్కి నెట్టి తీసి, మళ్లీ నీళ్లలోకి వదలడం, ఈ ఒక్క పనిని మాత్రం మొదటి రెండు మూడుసార్లు నేర్పేవాడే చేసి చూపించాలి. అది పూర్తిగా వచ్చాకే పిల్లలకు అప్పగించాలి. ఎక్కడ చేయి ఆపుకోవాలో తెలిసినవాడికే ఎక్కడ ఆపుకోకూడదో కూడా స్పష్టంగా తెలుస్తుంది. అన్నిట్లోనూ వేలుపెట్టేవాడి ‘వద్దు’కు విలువ ఉండదు. పొద్దున్నుంచి ముప్పైసార్లు విన్న మాట ముప్పై ఒకటోసారి కరెంటు తీగ దగ్గర వినబడదు.

రెండో అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచే వస్తుంది. మొదటిరోజు ఒక్క చేపా పడకపోతే పిల్లాడు మళ్లీ రాడు. కాబట్టి ఆ మొదటి చేప పడేందుకు ఎంతో కొంత చేయి వేయక తప్పదు. ముందు భాగం అక్షరాలా నిజం. రెండో భాగం దాన్నుంచి రాదు. సాయం చేయాల్సింది చేతికి కాదు, చోటుకి. కొత్తవాళ్లను పెద్ద చేపలుండే లోతు చెరువుకు తీసుకుపోకండి. రోచ్, పెర్చ్ లాంటి చిన్నచేపలు గుంపులుగా తిరిగే కాలవకో కుంటకో తీసుకుపోండి. ఎరగా ఈగ పురుగుల్ని వాడండి, కొక్కెం చిన్నది కట్టండి, వాళ్లు వచ్చేముందే అక్కడ కాస్త మేత చల్లి చేపల్ని చేరేయండి, ఎండా గాలీ చూసి కూర్చోబెట్టండి. ఇవన్నీ నేర్పేవాడి పనులే, కావలసినంత కష్టమైనవే, కాకపోతే పిల్లాడు గట్టు మీదికి రాకముందే జరిగిపోవాలి. ఆ తర్వాత అరచేయంత చేప పడినా అది పూర్తిగా వాడిదే. పెద్దాయన వేసి, పెద్దాయన లాగి, చివర్లో కర్ర చేతికిచ్చి ఫొటో తీయించిన చేప ఎవరిదో పిల్లాడికి తెలుసు. ఫొటోలో నవ్వుతాడు కూడా, పాపం.

మూడోది, ఈ రోజుల్లో అందరూ అడిగేది: యూట్యూబులో అన్నీ ఉన్నాయి, ఇంకా గట్టు మీద మనిషెందుకు? కొన్నిటికి నిజంగానే అక్కర్లేదు. ముడులు వేయడం వీడియోలోనే బాగా వస్తుంది. ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, మన వేళ్లను తెరమీది వేళ్లతో పోల్చుకోవచ్చు, ముడి బిగించేముందు దారం తడపకపోతే రాపిడి వేడికి బలహీనపడుతుందన్న సంగతి కూడా ఎవరో ఒకరు అందులో చెబుతారు. కానీ వీడియోను మీరు చూస్తారు, వీడియో మిమ్మల్ని చూడదు. విసురు తప్పినప్పుడు మీకు తెలిసేది దారం కుప్పగా పడిందనే. తొందరపడి ముందుకు లాగారా, వెనక దారంలో సడలుందా, బలం మొదట్లోనే వాడేశారా అన్నది బయటినుంచి చూసే కన్ను చెప్పాలి. మూడు కారణాలకూ ఫలితం ఒకటే కుప్ప. ఇంట్లో కూర్చుని చూడగలిగినవి వీడియోకు వదిలేసి, గట్టు మీద దొరికే రెండు గంటల్నీ ఈ చూసే పనికి ఖర్చుపెట్టడం తెలివైన పంపకం.

జీతం లేనివాళ్ల చేత నేర్పిస్తే జవాబుదారీ ఉంటుందా అన్నది నాలుగోది. మంచి మనసుంటే చాలన్న నమ్మకం మీద నడిచేచోట ఉండదు, అందులో దాచాల్సిందేమీ లేదు. అందుకే ఈ రంగంలో మంచి సంస్థలు మనసుతో సరిపెట్టుకోలేదు. అమెరికాలో 1965లో పుట్టిన ఫ్లై ఫిషర్స్ సమాఖ్య (ఇప్పటి ఫ్లై ఫిషర్స్ ఇంటర్నేషనల్) 1992 నుంచి విసురు శిక్షకులకు పరీక్ష పెట్టి యోగ్యతాపత్రం ఇస్తోంది. ఆ పరీక్షలో బాగా విసిరితే సరిపోదు, ఎలా నేర్పుతారో కూడా చూపించాలి. బ్రిటన్‌లో పిల్లలకు నేర్పేవాళ్ల గత చరిత్రను అధికారికంగా తనిఖీ చేయించడం మామూలైపోయింది. ఇంత కట్టుదిట్టంలో ఉచితంగా పనిచేసేవాళ్లు ఏం సాధించగలరన్నదానికి 2005లో వాషింగ్టన్ వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో మొదలైన ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్ ఒక సాక్ష్యం. యుద్ధంలో గాయపడ్డ సైనికులకు ఫ్లై ఫిషింగ్ నేర్పే ఈ సంస్థ స్థానిక క్లబ్బుల వలంటీర్ల మీదే నిలబడింది. చేయి కోల్పోయిన మనిషికి నేర్పేటప్పుడు ‘నేను చేసినట్టు చెయ్యి’ అన్న పాఠం మొదటి నిమిషంలోనే చెల్లని నాణెం అవుతుంది. అతని ఒంటికి సరిపడే పద్ధతిని అతనే వెతుక్కోవాలి, నేర్పేవాడు పక్కన ఉండాలి. నిజానికి మిగతా అందరి విషయంలోనూ అంతే. రెండు చేతులూ ఉన్నవాళ్ల దగ్గర ఆ సంగతి మనం మర్చిపోతాం.

మన దగ్గర ఇది గురుభక్తికి విరుద్ధం కదా, గురువు కొట్టి దిద్దకపోతే విద్య వస్తుందా అనేవాళ్లుంటారు. గురుకులాల సంగతి పక్కన పెట్టి మన చెరువు గట్లనే చూడండి. వానపాము గుచ్చి, జొన్నదంటు బెండు కట్టి, జెల్లలకూ కొర్రమీనులకూ గాలం వేయడం మన ఊళ్లలో ఏ తరానికీ ఎవరూ బడి పెట్టి నేర్పలేదు. పెద్దవాళ్లు తమ గాలం తాము చూసుకుంటూ కూర్చునేవాళ్లు, పిల్లలు పక్కన మరో గాలంతో కూర్చునేవాళ్లు. పెద్దవాళ్ల కన్ను వాళ్ల బెండు మీదే ఉండేది కాబట్టి పిల్లల తప్పుల్లో వేలుపెట్టే తీరిక ఉండేది కాదు. తెలియకుండానే వాళ్లు గొప్ప గురువులయ్యారు. ఇప్పుడు నగరాల్లో ఆ పక్కచోటు పోయింది, అందుకే క్లబ్బు లాంటిదేదో కావాల్సి వస్తోంది. మీరు మీ కాలనీ పిల్లలకు నేర్పాలనుకుంటే ముందు నీళ్ల హక్కు ఎవరిదో కనుక్కోండి. మన చెరువుల్లో చాలావాటి మీద చేపలు పట్టే హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది, ఆ చేపలు వాళ్ల కూడు. అడిగి, అనుమతి తీసుకుని, కుదిరితే ఆ సంఘంలోని వాళ్లనే ఒకరిని నేర్పడానికి పిలవండి. ఇంగ్లండులో స్థిరపడ్డ తెలుగువాళ్లకు లెక్క వేరు: 13 ఏళ్లు నిండని పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు, 13 నుంచి 16 దాకా ఉచితంగా ఇస్తారు కానీ తీసుకోవాల్సిందే, పెద్దవాళ్లు డబ్బు కట్టాలి. అంటే పన్నెండేళ్ల కొడుకు చేతిలోంచి గాలం లాక్కుని తానే పట్టడం మొదలుపెట్టిన తండ్రికి సొంత లైసెన్సు లేకపోతే అది నేరం. నేర్పడం గురించి ఇంత ముచ్చటైన చట్టం వేరే దేంట్లోనూ లేదేమో.

వచ్చే ఆదివారం మీరు ఎవరికైనా నేర్పబోతుంటే, అది గాలం కావచ్చు, కుట్టుమిషను కావచ్చు, స్కూటర్ కావచ్చు, ముందురోజు ఒక పని చేయండి. మీకు బాగా వచ్చిన ఆ పనిని మీ ఎడమచేత్తో, ఎడమచేతివాటం వాళ్లయితే కుడిచేత్తో, ఓ పావుగంట చేయండి. స్కూటర్ లాంటి చోట కుదరదు కాబట్టి దానికి బదులు సంతకమో, కూరగాయలు కాకుండా మెత్తని అరటిపండు కోయడమో ఎంచుకోండి. కొందరు విసురు శిక్షకులు తమను తాము ఇలాగే పరీక్షించుకుంటారు. మీకు తెలిసిన నియమాలన్నీ తలలో అలాగే ఉంటాయి, చేయి మాత్రం వినదు. అప్పుడు ఎవరైనా పక్కన నిలబడి ‘అలా కాదు, ఇలా’ అంటే ఎలా ఉంటుందో ఇంట్లోవాళ్లలో ఒకరిని అనమని చెప్పి చూడండి. ఆ తర్వాత గట్టు మీదికి వెళ్లేటప్పుడు మీ సొంత గాలం ఒకటి వెంట తీసుకెళ్లండి. రెండు గజాల దూరంలో వేసుకుని కూర్చుంటే మీ చేతులకూ పని దొరుకుతుంది. నెల రోజులు గడిచి కొత్త పిల్లలు వచ్చినప్పుడు, లోతు చూసే బిళ్లను మొన్నటి పిల్లల్లో ఒకరికి ఇచ్చి వాళ్ల పక్కకు పంపండి. ఎటు జరపాలో తప్పిపోవడం వాళ్లకింకా గుర్తుంటుంది.